సహనానికి అర్థం, వ్యాధిగ్రస్తుని హక్కు

(జుమా ప్రసంగం, 2021 మార్చి 12, రాజమహేంద్రవరం)

మనల్ని పుట్టించి, పోషించి, ఆరోగ్యంలోనూ అనారోగ్యంలోనూ కనిపెట్టి ఉండే అల్లాహ్‌కే సమస్త ప్రశంసలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ప్రియ ధార్మిక సోదరులారా, తెర వెనుక ఆలకిస్తున్న సోదరీమణులారా!

నిన్న గురువారం మూడు సందర్భాలు కలిసి వచ్చాయి. షబే మేరాజ్‌ను పురస్కరించుకొని పలువురు రాత్రి ఆరాధనలో గడిపారు. మన హైందవ సోదరులు శివరాత్రి సందర్భంగా గోదావరి రేవులలో స్నానాలాచరించారు. మూడవదాన్ని గమనించినవారు తక్కువ. ఏటా మార్చి మాసపు రెండవ గురువారాన్ని ప్రపంచ మూత్రపిండాల దినంగా పాటిస్తారు. ఈ ఏడాది ఆ వ్యాధి ఉన్నా చక్కగా జీవించడం ఎలా అన్నదే దాని ప్రధానాంశం. మరో పది రోజులలో జనతా కర్ఫ్యూకు ఏడాది నిండుతుంది. ఆ కష్టకాలంలో డయాలసిస్ రోగులు అనుభవించిన మనోవేదనను గురించి, దాని విషయంలో మనం, ముఖ్యంగా నేను, చేసిన ఒక పొరపాటును గురించి ఈరోజు మాట్లాడదలచాను.

మూత్రపిండాలు పనిచేయడం మానుకున్న మనిషి రక్తాన్ని యంత్రం ద్వారా వడగట్టి తిరిగి శరీరంలోనికి పంపడమే డయాలసిస్. వారానికి రెండు మూడు మార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు దీనికి పడుతుంది. రెండు డయాలసిస్‌ల నడుమ తాగిన నీటిలో అధికభాగం ఒంటిలోనే నిలిచిపోతుంది. అది హద్దు మీరితే కాళ్ళు వాస్తాయి, ఊపిరితిత్తులలో చేరి ఊపిరాడనివ్వదు. రక్తంలో పొటాషియం పెరిగిపోతే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. కనుక గోదావరి పాయల నడుమ నివసించే వ్యక్తి గుక్కలు లెక్కించుకొని నీరు తాగవలసి వస్తుంది. కోనసీమ కొబ్బరితోటల నీడన పెరిగినవాడు బొండం నీటికి దూరంగా ఉండాలి. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే ఇల్లున్నా పండు ఒలిచి తినడానికి సంకోచించాలి. ఇఫ్తార్ వేళ మనం ఆనందంగా అందుకునే ఖర్జూరం సైతం వారికి వైద్యుణ్ణి అడిగి తినవలసిన పదార్థమే.

సోదరులారా! గత ఏడాది మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఎన్నో వైద్యాలు వాయిదా పడ్డాయి. కంటి శస్త్రచికిత్స చేయించుకోవలసినవాడు రెండు నెలలు ఆగగలిగాడు. డయాలసిస్ రోగి రెండు వారాలు కూడా ఆగలేడు. ఆర్టీసీ బస్సులు ఆగిపోయి, మే 21న గాని తిరిగి కదలలేదు. ఆసుపత్రి కాగితాలనే పాసుగా భావించి రోగిని, వెంట ఒక సహాయకుణ్ణి పోనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. కాని కాగితం దారి తెరవగలదే గాని, వాహనాన్ని సమకూర్చలేదు గదా!

మన దేశంలోని 19 పెద్ద ఆసుపత్రులలో ఆ కాలపు పరిస్థితిని వైద్యులు పరిశీలించారు. అంతకు ముందు క్రమం తప్పక డయాలసిస్ చేయించుకుంటున్న 2,517 మందిలో 710 మంది ఒకటి లేక అంతకు మించిన మార్లు చికిత్సకు రాలేకపోయారు. 104 మంది అసలు రావడమే మానేశారు. ఆ 104 మందిలో ప్రతి ఒక్కరికీ ఒక ఇల్లుంది, ఒక వీధి ఉంది, ఇరుగుపొరుగు ఉంది.

పోతే, రాగలిగినవారి మనఃస్థితి ఎలా ఉండేది? వెళితే కరోనా సోకుతుందేమోనన్న భయం, వెళ్ళకుంటే ప్రాణం పోతుందన్న భయం. కాస్త ఒళ్ళు వెచ్చబడితే, పరీక్ష ఫలితం వచ్చేదాకా డయాలసిస్ జరగదేమోనన్న దిగులు. పని పోయిన కొడుకు చేత మళ్ళీ కారు బాడుగ పెట్టించాలన్న సిగ్గు. వారానికి రెండు మూడు మార్లు తప్పని ఈ ఆందోళన నిద్రను, ఆకలిని, మాటను కూడా హరించివేస్తుంది.

అటువంటి ఒక సోదరుని సంగతి, ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా మీ ముందుంచుతున్నాను. ఆయన వృత్తిరీత్యా దర్జీ. నదికి ఆవలి గట్టున, కోనసీమలోని ఒక గ్రామంలో ఉంటారు. సోమ, గురువారాలలో డయాలసిస్ కొరకు మన పట్టణానికి వచ్చి, తిరుగు ప్రయాణంలో ఈ మస్జిదులో జొహర్ నమాజు చేసుకొని వెళ్ళేవారు. లాక్‌డౌన్‌లో నేను ఆయనకు ఫోను చేశాను. క్షేమసమాచారం అడిగాను. ‘అల్లాహ్ దయ, హజ్రత్’ అన్నారు. నేను, ‘సబర్ చేయండి భాయి సాబ్, సబర్ చేసేవారికి గొప్ప ప్రతిఫలం ఉంది’ అని చెప్పి ఫోను పెట్టేశాను. ఒక బాధ్యత నెరవేరిందని తృప్తి కూడా పడ్డాను.

అప్పటికే ఆయన ఒక డయాలసిస్‌కు వెళ్ళలేకపోయారు. బాడుగకు డబ్బు లేక తరువాతిదీ తప్పింది. మూడవ రోజు రాత్రి పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకొని కూర్చున్నారు. భార్య ఏడుపు విని పక్కింటి హైందవ యువకుడు తన ఆటోలో ఎక్కించుకొని, దారిలో ప్రతి చోటా ఆసుపత్రి కాగితాలు చూపుతూ తీసుకొచ్చాడు. అల్లాహ్ ఆయనకు ఆయుష్షునిచ్చాడు.

తరువాత కలిసినప్పుడు, నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. తల వంచుకొని, ‘మీరే సబర్ చేయమన్నారు గదా హజ్రత్. అందుకే ఎవరినీ అడగలేదు’ అన్నారు.

సోదరులారా! ముప్ఫై ఏళ్ళుగా మిన్బర్‌పై నిలబడుతున్నాను. నా నోటి మాట ఒక మనిషి ఊపిరికి అడ్డుపడిందని ఆనాడు తెలిసింది. నేను చెప్పిన పదం సత్యమైనదే. దాని అర్థాన్ని మాత్రం ఆయనకు అందించలేదు, ఆయన స్థితిని అడిగి తెలుసుకోనూ లేదు.

అరబీలో ‘సబ్ర్’ అనే పదానికి మూలార్థం పట్టి ఉంచడం, నిగ్రహించడం. దేనిని పట్టి ఉంచాలి? హృదయాన్ని నిరాశ నుండి, నాలుకను అల్లాహ్‌ను నిందించే మాటల నుండి, అవయవాలను హద్దు మీరిన చేష్టల నుండి. సహాయం కోరకుండా నోరు మూసుకోవడాన్ని షరీఅత్ సహనమని ఎక్కడా నిర్వచించలేదు.

ప్రవక్త అయ్యూబ్ (అలైహిస్సలాం) గాథను స్మరించండి. సుదీర్ఘమైన వ్యాధిలో ఆయన తన బాధను అల్లాహ్‌కు స్వయంగా విన్నవించుకున్నారు. అయినా దివ్య ఖుర్ఆన్ ఆయనను సహనశీలిగానే ప్రశంసించింది. కుమారుని ఎడబాటుతో విలపించి, విలపించి ప్రవక్త యాఖూబ్ (అలైహిస్సలాం) చూపే పోగొట్టుకున్నారు. ఆయన సహనానికి ఆ కన్నీరు మచ్చ తేలేదు. మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తీవ్రమైన జ్వరంలో ఉండగా అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజియల్లాహు అన్హు) పరామర్శించినప్పుడు, ఇద్దరు మనుషులకు వచ్చేటంత జ్వరం తనకు వస్తుందని ఆయన దాచకుండా తెలియజేశారు. అల్లాహ్ ప్రవక్తే తన నొప్పిని చెప్పుకోగా, మన దర్జీ సోదరుడు చెప్పుకోవడంలో దోషమేముంది? ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని కూడా దించాడని, చికిత్స చేయించుకోవాలని ఆయనే బోధించారు. కనుక డయాలసిస్‌కు వెళ్ళడం, అందుకు సాయం అడగడం కూడా సహనంలోని భాగమే.

ఇక మన బాధ్యత సంగతి. రోగిని పరామర్శించడాన్ని ఉర్దూలో ‘బీమార్ పుర్సీ’ అంటాము. ‘పుర్సీ’ అంటే అడగడం. అరబీ నుండి వచ్చిన మరో మాట ‘ఇయాదత్’. దాని మూలంలో మరలి రావడం అనే అర్థం ఉంది. ఈ రెండు పదాలలోనే పరామర్శ ధర్మం ఇమిడి ఉంది. అడగాలి, మళ్ళీ రావాలి. నేను ఫోనులో అడిగినట్టే అడిగి, జవాబు లోతు చూడక బోధన చేశాను. మరలి రాలేదు. డయాలసిస్ ఒకనాటితో ముగిసేది కాదు. వారి అవసరం మూడు రోజులకొకసారి మరలి వస్తుంది. మన పరామర్శ కూడా అలాగే మరలి రావాలి.

ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి, నేను వ్యాధిగ్రస్తుణ్ణయితే నీవెందుకు రాలేదని నిలదీస్తాడని, ఆ రోగి చెంతనే తన్ను పొంది ఉండేవాడివని చెబుతాడని హదీసు భావం. మస్జిదు తలుపులు మూసి ఉన్న ఆ రోజులలో అల్లాహ్ ఇంటికి వెళ్ళలేకపోయామని మనమంతా దుఃఖించాము. రోగి గడప మాత్రం మూసి లేదు. దగ్గరకు వెళ్ళలేకున్నా ఫోను ఉంది, బాడుగ పంపే వీలుంది.

అల్లాహ్ మనందరినీ క్షమించుగాక!

రెండవ ఖుత్బా

అల్‌హందులిల్లాహ్. ప్రియ సోదరులారా! నేను కోరేవి కొన్ని పనులు మాత్రమే.

మొదటిది: ప్రతి మొహల్లాలో డయాలసిస్ రోగులెవరో, వారి రోజులేవో మస్జిదు కమిటీ వ్రాసి ఉంచుకోవాలి. వారి ధర్మం ఏదని చూడవద్దు. డయాలసిస్ గదిలో పక్క పక్క మంచాలపై అన్ని మతాలవారూ ఉంటారు. మన సోదరుణ్ణి కాపాడిన ఆ యువకుడు కూడా మతం అడగలేదు. బైకులు, ఆటోలు, కార్లు ఉన్నవారు తలా ఒక రోజు వంతు పుచ్చుకోండి.

రెండవది: ‘బాగున్నారా’ అన్న ప్రశ్నతో ఆగకండి. నిన్న డయాలసిస్ అయిందా, ఎవరు తీసుకెళ్ళారు, బాడుగ ఎలా ఇచ్చారు, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. ఆరోగ్యశ్రీ ద్వారా చికిత్స ఖర్చు తీరుతుంది. డయాలసిస్ రోగుల పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2019లో నెలకు 10,000 రూపాయలకు పెంచింది. అర్హత ఉండీ అందనివారికి దరఖాస్తు వ్రాసిపెట్టడం కూడా ఇయాదతే.

మూడవది: కరోనా ఇంకా తొలగిపోలేదు. ఈ మార్చి 1 నుండి 60 ఏళ్ళు దాటినవారికి, 45 ఏళ్ళు దాటి డయాలసిస్ వంటి తీవ్ర వ్యాధులున్నవారికి టీకా ఇస్తున్నారు. వైద్యుని సలహాతో వేయించుకోండి. వదంతులను నమ్మకండి. రోగి దగ్గరకు వెళ్ళేవారు మాస్కు ధరించండి.

నాలుగవది: మరో నెలలో రమజాన్ రానున్నది. ఉపవాసం హానికరమని వైద్యుడు చెప్పిన రోగికి అల్లాహ్ స్వయంగా సడలింపు ఇచ్చాడు. కోలుకునే ఆశ లేని రోగి రోజుకొక పేదవానికి భోజనం పెట్టి ఫిద్యా చెల్లించాలి. అందుకు స్తోమత లేకుంటే అల్లాహ్ క్షమాపణ కోరితే చాలు. గత రమజాన్‌లో కొందరు రోగులు ఉపవాసం లేదని ఇంటివారి ముందు కూడా నీరు తాగడానికి సిగ్గుపడ్డారని విన్నాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాల పుణ్యం వ్యాధిలో కూడా అతని ఖాతాలో వ్రాయబడుతుందని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) శుభవార్త ఇచ్చారు. నమాజు సమయం డయాలసిస్ మంచంపైనే దాటిపోయేలా ఉంటే సైగలతో చేసుకోండి. చేతికున్న కట్టుపై తడి చేతితో తుడిస్తే చాలు.

చివరగా వ్యాధిగ్రస్తులైన నా సోదర సోదరీమణులకు ఒక మాట. మీరు అడగడం వల్ల మీ విశ్వాసం తగ్గదు. మీరు అడగకపోతే మాకు దక్కవలసిన పుణ్యం దక్కకుండా పోతుంది. ఒక్క డయాలసిస్ తప్పేటట్లున్నా, అది అర్ధరాత్రి అయినా, నాకు ఫోను చేయండి. ఈసారి నేను ‘సబర్ చేయండి’ అని ఫోను పెట్టేయను. ఎక్కడున్నారో అడిగి బయలుదేరుతాను.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. వారిని మోసే కుటుంబాలకు బలాన్నివ్వు. ఆ గదులలో రాత్రింబగళ్ళు సేవచేసే వైద్యులను, నర్సులను, టెక్నీషియన్లను కాపాడు. ఈ మహమ్మారిలో కన్నుమూసినవారిని క్షమించు. మా నాలుకల నుండి ఇతరులకు భారమయ్యే మాటలు రాకుండా చూడు. పొరుగువాని గడపకు మరలి మరలి వెళ్ళే పాదాలను మాకు ప్రసాదించు. ఆమీన్.