దగ్గు దాచుకోవద్దు అక్కలారా
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక పొదుపు సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఇక్కడ నిలబడి పొదుపు ఎంత, అప్పు ఎంత, వాపసు ఎంత అని చెబుతాం. ఈసారి మా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పుకోవాలని వచ్చాం.

మా సంఘంలో ఒక అక్క కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి ముచ్చికలు తీసే పనికి వెళ్తుంది. పోయిన ఏడాది మూడు నెలల పాటు దగ్గింది. మిర్చి ఘాటు గదా, ఆ పనికి పోయే వాళ్లందరూ దగ్గుతారులే అనుకున్నాం. తర్వాత ఆమె మీటింగులకు రావడం మానేసింది. మేమేం చేశాం? పంచసూత్రాల ప్రకారం గైరుహాజరు అని మూడుసార్లు జరిమానా రాశాం. రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి వెళ్లి, "ఏమైంది అక్కా" అని ఒక్కరమూ అడగలేదు. చివరికి ఆశా కార్యకర్త తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది.

"ముందే ఎందుకు చెప్పలేదక్కా" అని అడిగితే, "చెబితే సంఘంలోంచి తీసేస్తారేమో, లోను ఇవ్వరేమో అని భయమేసిందమ్మా" అంది. ఆ మాట మాకు బాగా తగిలింది.

ఆ తర్వాత మా ఊరి బడిలో సైన్సు మాస్టారిని అడిగి ఊపిరితిత్తుల చార్టు తెచ్చుకున్నాం. ఏఎన్ఎం గారిని కూర్చోబెట్టి అన్నీ చెప్పించుకున్నాం. పదో తరగతిలో ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, అది మన ఒంట్లోదే అని అప్పుడు అనిపించలేదు. మేము తెలుసుకున్నది మీకూ చెబుతాం.

ముక్కులోని వెంట్రుకలు, జిగురు దుమ్మును పడతాయి. లోపలికి పోయే గాలిని ముక్కు వెచ్చగా, తడిగా చేస్తుంది. అందుకే నోటితో కాదు, ముక్కుతోనే పీల్చాలంటారు. గొంతులో దారి రెండుగా చీలుతుంది. వెనక ఉండేది అన్నం గొట్టం, ముందు ఉండేది గాలి గొట్టం. మనం మింగేటప్పుడు ఉపజిహ్విక అనే చిన్న మూత గాలి గొట్టాన్ని కప్పుతుంది. తింటూ మాట్లాడితే ఒక్కోసారి మెతుకు తప్పుదారి పడుతుంది. అదే పొలమారడం. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం గానీ, నిజానికి ఆ మెతుకును బయటికి తోసేది దగ్గే.

గాలి గొట్టం నాలుగంగుళాల పైన పొడవుంటుంది. అది రెండుగా చీలి రెండు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుడి దానికి మూడు భాగాలు, ఎడమ దానికి రెండే. ఎడమ పక్క గుండెకు చోటివ్వాలి కదా. లోపల గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలిపోతూ చివరికి సన్నని గాలి గదులవుతాయి. వాటినే పుస్తకంలో వాయుగోణులు అన్నారు. అవి సుమారు 30 కోట్లు. అన్నీ పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, అంటే ఒకటిన్నర సెంటు ఇంటి స్థలం కంటే ఎక్కువ. అక్కడే రక్తం ఆక్సిజన్ తీసుకుని చెడు గాలిని వదులుతుంది. రోజుకు 20 వేలసార్లు పైగా ఈ పని జరుగుతుంది.

ఊపిరితిత్తులు తమంతట తాము కదలలేవు. కింద ఉన్న ఉదరవితానం అనే కండ దిగితే గాలి లోపలికి వస్తుంది, పైకి లేస్తే బయటికి పోతుంది. ఇంకో సంగతి ఏమిటంటే, ఊపిరితిత్తి లోపలి భాగానికి నొప్పి తెలియదు, దాని పైపొరకే తెలుస్తుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే కాలు చెబుతుంది. ఊపిరితిత్తి మాత్రం ఎక్కువగా దగ్గుతోనే చెబుతుంది. ఆ దగ్గునే మనం దాచుకుంటున్నాం.

గాలి గొట్టాల లోపల కంటికి కనపడనంత సన్నని నూగు ఉంటుంది. జిగురులో చిక్కిన దుమ్మును అది పైకి ఊడ్చేస్తూ ఉంటుంది. రోజూ పొగ తగిలితే ఆ నూగు దెబ్బతింటుంది. పొగ అంటే మగవాళ్ల బీడీలే కాదు, మన కట్టెల పొయ్యి కూడా. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకే గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. అయినా సిలిండరు ఆదా అని నీళ్లకు, పశువుల దాణాకు ఇంకా కట్టెలే పెడుతున్నాం. తప్పనప్పుడు పొయ్యి ఆరుబయట పెట్టండి, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఊదకండి. మిర్చి పనికి, పత్తి పనికి పోయేవాళ్లు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి.

ఘాటుకు దగ్గు వస్తుంది గానీ టీబీ రాదు. టీబీ క్రిమి వల్ల వస్తుంది, గాలి ద్వారా అంటుతుంది. కంచం వేరు పెట్టడం, మాట్లాడకపోవడం మందు కాదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, తెమడలో రక్తం, వీటిలో ఏది కనపడ్డా పీహెచ్‌సీకి వెళ్లాలి. పరీక్షా, మందులూ ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే ఒళ్లు తేలికైందని ఆపేస్తే జబ్బు మొండిదవుతుంది. నిక్షయ్ పోషణ యోజన కింద తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకు ముందు అది 500. ఇంట్లో వాళ్లందరికీ పరీక్ష చేయించాలి.

ఆ అక్క జరిమానా డబ్బు తిరిగి ఇచ్చేశాం. మినిట్స్ పుస్తకంలో రాసిన లైన్లు మాత్రం కొట్టేయలేదు. మా తప్పు మాకు గుర్తుండాలి. ఆమె కిస్తీలు ఆరు నెలలు వాయిదా వేస్తూ తీర్మానం చేశాం. మందులు పూర్తయ్యాయి, ఇప్పుడు పొదుపు కడుతోంది, మీటింగులకు వస్తోంది. ఇప్పుడు మా ప్రతి సమావేశంలో హాజరు పిలవగానే, "రెండు వారాలు దాటి దగ్గుతున్న వాళ్లు ఎవరైనా ఉన్నారా, మీ ఇళ్లలో ఉన్నారా" అని అడుగుతాం. రాని సభ్యురాలికి జరిమానా రాసే ముందు ఇద్దరు ఆమె ఇంటికి వెళ్లి వస్తారు.

అన్ని సంఘాలూ ఈ రెండు పనులూ మొదలుపెట్టాలని సమాఖ్యను కోరుతున్నాం. ఆ అక్క ఈ సభలో మన మధ్యే కూర్చుంది. ఎవరో మేము చెప్పం. చెప్పాలనిపించినప్పుడు ఆమే చెబుతుంది.