చిన్న పడవ కోసం మనం ఎందుకు నిలబడాలి?
(యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగం)



బోనస్ విషయం, గ్రాట్యుటీ బకాయిల విషయం అయిపోయాయి. అజెండాలో ఇంకొక్క అంశం మిగిలింది. నవంబర్ 21 ప్రపంచ మత్స్యకారుల దినం. ఆ సందర్భంగా చిన్న మత్స్యకారులకు మద్దతుగా తీర్మానం చేద్దామని కార్యవర్గం ప్రతిపాదించింది. “షోలాపూర్ ఎక్కడ, సముద్రం ఎక్కడ? ఇది మనకెందుకు?” అని కొందరు సభ్యులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు చెప్పడం నా బాధ్యత.

మన తాతలు తెలంగాణ పల్లెల్లో మగ్గం నేసినవాళ్లు. మిల్లు బట్ట వచ్చి మగ్గం మూలపడితే, పిల్లాజెల్లాతో ఇక్కడికి వచ్చి మిల్లు గేటు ముందు బదిలీ పనికి నిలబడ్డారు. మన ఇళ్లలో ఈ సంగతి తెలియనివారు లేరు. సముద్రం ఒడ్డున జరిగిందీ ఇదే. అక్కడివాళ్లు దాన్ని ఎలా ఎదుర్కొన్నారో మనం తెలుసుకోవాలి.

కేరళలో కొల్లం దగ్గర నీండకరలో 1953లో నార్వే దేశం సాయంతో ఒక పథకం మొదలైంది. చిన్న మత్స్యకారుడికి మంచి పడవ ఇవ్వాలన్నది ఉద్దేశం. కొన్నేళ్లకు విదేశాల్లో రొయ్యకు గిరాకీ పెరిగింది. అంతవరకు వల ముట్టనివాళ్లు కూడా డబ్బు పెట్టి మరబోట్లు కొన్నారు, ట్రాల్ వలలు కట్టారు. ట్రాల్ వల సంచీలా ఉంటుంది. బోటు దాన్ని సముద్రం అడుగున ఈడ్చుకుపోతుంది. వల కన్ను చిన్నది కనుక రొయ్యతోపాటు గుడ్లతో ఉన్న చేప, పిల్ల చేప అన్నీ పడతాయి. అమ్ముడుపోనిదాన్ని చచ్చాక నీళ్లలో పారేస్తారు. దారిలో అడ్డం వచ్చిన చిన్నవాళ్ల వలలు తెగిపోతాయి.

మనకు ఒక బేలు అయిపోతే గోడౌన్ నుంచి ఇంకో బేలు వస్తుంది. సముద్రానికి గోడౌన్ లేదు. ఈ ఏడు పిల్లను పట్టేస్తే వచ్చే ఏడు పెద్ద చేప ఉండదు. పది మైళ్ల అవతలికి పోలేని తెప్పవాడు ముందుగా పస్తుంటాడు.

గోవాలో ఒడ్డు నుంచి రంపణి వల లాగే మత్స్యకారులు మతానీ సల్దాన్హా నాయకత్వంలో 1970లలోనే దీనిమీద తిరగబడ్డారు. 1978లో వేర్వేరు రాష్ట్రాల మత్స్యకారులు కలిసి జాతీయ వేదిక కట్టుకున్నారు. 1980లో కేరళలో, గోవాలో చట్టాలు వచ్చాయి. ఒడ్డు దగ్గరి నీళ్లు చిన్న పడవలకు కేటాయించారు. కాగితం మీద చట్టం వచ్చినంత మాత్రాన మరబోట్లు ఆగలేదు. కేరళ మత్స్యకారులు నిరాహారదీక్షలు చేశారు, రోడ్ల మీద కూర్చున్నారు. చేపలు గుడ్లు పెట్టే వర్షాకాలంలో ట్రాల్ వల వేయకూడదని 1988లో ప్రభుత్వం చేత నిషేధం పెట్టించారు. బోట్ల యజమానులు కోర్టుకెక్కారు. 1994లో సుప్రీంకోర్టు నిషేధాన్ని నిలబెట్టింది. హిందువు, క్రైస్తవుడు, ముస్లిం అని విడిపోయి ఉన్న పల్లెలు ఒక్కటైతేనే అది సాధ్యమైంది.

1991లో కేంద్రం విదేశీ కంపెనీల పెద్ద ఓడలకు మన సముద్రంలో లైసెన్సులు ఇవ్వసాగింది. 1994లో రెండుసార్లు దేశమంతటా చేపల రేవులు సమ్మె చేశాయి. ఈసారి మరబోట్ల వాళ్లు కూడా చిన్నవాళ్లతో కలిసి వచ్చారు. 1995లో థామస్ కొచ్చేరి పోర్‌బందర్‌లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ప్రభుత్వం మురారి కమిటీని వేసింది. లైసెన్సులు రద్దు చేయాలని ఆ కమిటీ 1996లో చెప్పింది. 1997లో కేంద్రం సిఫారసులను ఒప్పుకుంది. గేటు లేదు, హాజరుపట్టీ లేదు, జీతమిచ్చే యజమాని లేడు. అయినా సంఘం కట్టారు, గెలిచారు.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. ఆంధ్ర తీరంలో 8 కిలోమీటర్ల వరకు, ఒడిశాలో 5 కిలోమీటర్ల వరకు సముద్రం చిన్న పడవలకే అని నిబంధన. పూరీలో పెంటకోట చూసినవారికి తెలుసు, అక్కడ తెప్పలు తోసేది తెలుగువాళ్లే. నిబంధన ఉన్నా రాత్రిపూట మరబోటు లోపలికి వస్తే పట్టుకునేవాడు ఉండాలి కదా! 1985లో చేనేతకు 22 రకాలు కేటాయిస్తూ చట్టం చేశారు, తరువాత వాటిని 11కు తగ్గించారు. ఆ 11 కూడా సాంచాల మీద నేస్తూనే ఉన్నారని మనలో ఎవరికి తెలియదు?

ఒడ్డున వేట గిట్టక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువకులు గుజరాత్‌లోని వెరావల్ పోయి మరబోట్లలో కూలికి చేరుతున్నారు. 2018లో అలా వెళ్లినవారిని సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. అదే ఏడు లాక్‌డౌన్‌లో వేలమంది వెరావల్ రేవులో బోట్లలోనే చిక్కుబడ్డారు. వాళ్లూ మన తాతల లాగా బదిలీ కార్మికులే.

“మనం మిషన్ మీద బతికేవాళ్లం, మిషన్‌ను కాదంటామా?” అని ఇంకొకరు అడిగారు. చిన్న మత్స్యకారులు ఇంజనును కాదనలేదు. వాళ్లే తమ పడవలకు ఇంజన్లు బిగించుకున్నారు. వద్దన్నది అడుగంతా ఊడ్చే వలను. మరబోటు మీద కూలి చేసేవాడితో వాళ్లకు గాని, మనకు గాని పేచీ లేదు. అతనికి కూడా జీతం, ఇన్సూరెన్స్ అడగవలసిందే.

ప్రపంచంలో పట్టే చేపల్లో 40 శాతం చిన్న మత్స్యకారులు పడుతున్నదే. వేట మీద బతికేవారిలో 90 శాతం ఈ చిన్నవాళ్లేనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో లెక్క చెప్పింది. వాళ్ల హక్కుల కోసం ఆ సంస్థ సభ్యదేశాలు 2014లో మార్గదర్శక సూత్రాలను ఆమోదించాయి. వాటిలో మన దేశమూ ఉంది. ఆ సూత్రాలకు చట్టం బలం లేదు. అడిగేవాళ్లు ఉంటేనే అవి అమలవుతాయి.

అందుకని తీర్మానంలో మూడు కోరికలు పెట్టాం.

ఒకటి, ఒడ్డు దగ్గరి నీళ్లలోకి మరబోట్లు రాకుండా ప్రభుత్వాలు గట్టిగా కాపలా పెట్టాలి.

రెండు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆంధ్రలో ఆ కాలానికిచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. మనకు లే-ఆఫ్‌లో సగం జీతం చట్టబద్ధమైన హక్కు. వాళ్లకూ భృతి అలాగే హక్కుగా ఉండాలి, ఏ ప్రభుత్వం వచ్చినా ఆగకూడదు.

మూడు, చేపలు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని అమ్మే ఆడవాళ్లను కూడా మత్స్యకారులుగా లెక్కించాలి. ఇంట్లో కండెలు చుట్టే మన ఆడవాళ్లను ఏ రిజిస్టరూ ఎక్కించుకోలేదు. అందుకే ఈ కోరిక విలువ మనకు తెలుసు.

ఈ తీర్మానం కేంద్ర మత్స్యశాఖకు, ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాలకు పోతుంది. ఒక కాపీ మత్స్యకారుల సంఘాలకు పోతుంది. రేపు మన గేటు మూతపడితే వాళ్ల దగ్గర్నుంచి మనకూ ఇలాంటి కాగితం రావాలంటే, ఈరోజు మనం పంపాలి. ఒప్పుకున్నవారు చేతులెత్తండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!