డిస్కు పంపకము



మన గ్రామ గ్రంథాలయమునకు ఎవరో యొక పాత కంప్యూటరు నిచ్చిరనుకొందము. దాని డిస్కులో ఊరి తాళపత్రముల ఛాయాచిత్రములును, దేవాలయపు లెక్కలును చేర్చియుంచితిమి. కొంతకాలమునకు యంత్రము మందగించెను. యువకు డొకడు వచ్చి, "తాతగారూ, దీనిలో లినక్సు వేసెదను" అనును. 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశమున, హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన వ్యవస్థ యిది. వెల లేకయే లభించును, పాత యంత్రములపైనను నడచును. వద్దనవలసిన పని లేదు. కాని యతడు మొదట చేయునది డిస్కును విభజించుట. ప్రమాదమంతయు నచ్చటనే యున్నది.

డిస్కును పొలమనుకొనుడు. గట్లు వేసి మళ్లు చేయుటయే పార్టిషన్ చేయుట. ఏ మడి యెచ్చట మొదలై యెచ్చట ముగియునో తెలుపు చిన్న పట్టిక, కరణముగారి లెక్కవలె, డిస్కు మొదట నుండును. పాత పద్ధతి పట్టికలో ముఖ్యమైన మళ్లు నాలుగే పట్టును. జీపీటీ యను క్రొత్త పట్టికలో సాధారణముగా 128 పట్టును. అది తన నకలును డిస్కు చివర గూడ దాచుకొనును. పట్టిక చెరిగినంతమాత్రమున పంట పోదు; హద్దులు మాత్రమే తెలియకుండును. మడిని ఫార్మాట్ చేసి, దానిపై క్రొత్త వ్రాత వ్రాసిన పిదప మాత్రము క్రింది వ్రాత తిరిగి రాదు.

కావున "నాయనా, నకలెక్కడ?" అని ముందుగా నడుగుడు. వేరొక డిస్కుపైనున్న నకలును తెరిపించి, నాలుగు చిత్రములు కన్నులార చూచిన పిమ్మటనే మీట నొక్కనిండు. అదే డిస్కులో మరియొక మడియందు దాచితినన్నచో నది నకలు గాదు. డిస్కు చెడిన రెండును పోవును.

500 గిగాబైట్ల డిస్కున నేనైతే వ్యవస్థకు 60, స్వాపునకు 4 ఇచ్చి, మిగిలినది మన పత్రములుండు హోమ్ అను మడికి విడుతును. క్రొత్త యంత్రములకు ఆరంభమునకై మరియొక చిన్న మడి కావలెను. హోమ్ వేరుగా నున్నచో, వ్యవస్థను మరల వేయవలసివచ్చినను, ఆ మడిని ఫార్మాట్ చేయకున్న చాలును, పత్రములు కదలవు. కొందరు పది మళ్లు చేయుదురు. నా కది నచ్చదు. ఒకటి నిండి పొరలుచుండ, ప్రక్కది బీడుగా నుండును. అన్నదమ్ముల పంపకములలో నిది మీరు చూడనిదా?

ఇక స్వాప్ అన నేమి? యంత్రపు జ్ఞాపకము వ్యాసపీఠము వంటిది. విప్పిన గ్రంథములే దానిపై నుండును. పీఠము నిండినప్పుడు, చాలసేపు తాకని పుటలను అటక కెక్కింతుము. ఆ యటకయే స్వాప్. లినక్సు జ్ఞాపకమును సాధారణముగా 4096 బైట్ల ముక్కలుగా పంచును. వాటి పేరును పేజీలే! అటక లేక పీఠము నిండినచో, వ్యవస్థ నడచుచున్న కార్యక్రమము నొకదానిని బలవంతముగా నాపివేయును. అందు భద్రపరచని వ్రాత పోవును. అట్లని పెద్ద యటక పెద్ద పీఠము కాజాలదు. డిస్కు జ్ఞాపకముకంటె మిక్కిలి మందము. పుటపుటకు నిచ్చెన యెక్కుచుండిన చదువు సాగునా? జ్ఞాపకమునకు రెట్టింపు స్వాప్ అను సూత్రము, జ్ఞాపకము స్వల్పమైన కాలమునాటిది. 4 గిగాబైట్ల జ్ఞాపకమునకు 4 చాలును. విద్యుత్తు నాపి, మరల పని విడిచినచోటనే లేపవలెనన్న మాత్రము, మరికొంత హెచ్చుంచుట మేలు.

మేక్‌స్వాప్ అను ఆజ్ఞ ఆ మడిని సిద్ధపరచును, స్వాపాన్ వాడుకలోనికి తెచ్చును. అంతటితో విడిచిన, యంత్రము నాపి వెలిగించిన పిదప స్వాప్ కానరాకపోవచ్చును. ఎఫ్‌స్టాబ్ అను పత్రమున దాని వివరము వ్రాయింపవలెను. మరునాడు యంత్రమును వెలిగించి, ఫ్రీ అను ఆజ్ఞ నిప్పించుడు. స్వాప్ వరుసలో మొదటి యంకె సున్న గానిచో, అప్పుడు తాళపత్రముల చిత్రములను నకలునుండి హోమ్‌లోనికి తెప్పించుకొనుడు.