పాఠ్యప్రణాళిక రోగి దగ్గర మొదలవ్వాలి



ఈ బీదర్ పట్టణంలో మహమూద్ గవాన్ మదర్సాను మీలో చాలామంది చూసే ఉంటారు. బహమనీ రాజ్యపు మంత్రి 1472లో కట్టించిన విద్యాలయం అది. గ్రంథాలయం, మసీదు, తరగతి గదులు, విద్యార్థులూ గురువులూ ఉండే గదులు అన్నీ ఒకే చోట. ఎవరు చదువుతారు, ఎలా చదువుతారు అని ముందే ఆలోచించి కట్టారు. నర్సులకు, డాక్టర్లకు, ఆశా కార్యకర్తలకు కోర్సు తయారుచేయడం కూడా అలాంటి కట్టడమే. పునాది ఎక్కడ వేయాలన్నదే ఈ రోజు మన ప్రశ్న.

మామూలుగా మనం ఏం చేస్తాం? పుస్తకం తెరిచి, అధ్యాయాలు లెక్కపెట్టి, గంటలు పంచుతాం. అది టైంటేబుల్ అవుతుంది గానీ పాఠ్యప్రణాళిక కాదు. అమెరికాలో డేవిడ్ కెర్న్, ఆయన సహచరులు 1998లో ఆరు మెట్ల పద్ధతి చెప్పారు. ప్రజల సమస్యను గుర్తించాలి, నేర్చుకునేవారి అవసరం తెలుసుకోవాలి, లక్ష్యాలు రాయాలి, బోధనా పద్ధతి ఎంచుకోవాలి, అమలు చేయాలి, ఫలితం చూసి సరిదిద్దుకోవాలి. పుస్తకం వచ్చేది నాలుగో మెట్టు మీదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. క్షయకు మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. విద్యార్థిని మందుల పేర్లన్నీ గడగడా చెబుతుంది. కానీ ఔరాద్ వైపు నుంచి వచ్చిన కూలీ తల్లి రెండో నెలలో మందులు ఎందుకు మానేసిందో అడగడం రాదు. ఈ జిల్లాలో కన్నడ, ఉర్దూ, మరాఠీ, తెలుగు, లంబాడీ మాటలు వినిపిస్తాయి. అందుకే మన లక్ష్యం "క్షయ గురించి తెలుసుకొనుట" అని ఉంటే చాలదు. "రోగి అర్థం చేసుకునే భాషలో, ఆమెను చిన్నబుచ్చకుండా, మందులు మానిన కారణం తెలుసుకోగలగాలి" అని ఉండాలి. అప్పుడు బోధన మారుతుంది, పరీక్ష కూడా మారుతుంది.

పరీక్షలో ఏది అడుగుతామో విద్యార్థులు అదే నేర్చుకుంటారు. 1975లో రొనాల్డ్ హార్డెన్ పరిచయం చేసిన ఓస్కీ పరీక్షలో విద్యార్థి ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేసి చూపించాలి. మన దేశంలో కూడా 2019 నుంచి ఎంబీబీఎస్‌లో సామర్థ్యాల ఆధారిత విధానం వచ్చింది. రోగితో మాట్లాడే తీరు, నైతికత, స్థానిక భాష అందులో పాఠాలయ్యాయి. ఇది మంచి మార్పు.

అయితే కాగితం మీద రాయని పాఠ్యప్రణాళిక మరొకటి ఉంది. రోగిని పేరుతో కాక మంచం నంబరుతో పిలవడం, పేదవాళ్లను కసరడం, కులం చూసి పని పంచడం. వీటిని ఎవరూ బోధించరు, అందరూ నేర్చుకుంటారు. మన పల్లెల నుంచి, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలు ఇంగ్లీషు పాఠం అర్థంకాక మౌనంగా కూర్చుంటే, వాళ్లకు తెలివి లేదని ముద్ర వేస్తాం. లోపం పిల్లలదా, మన కోర్సుదా? రెండో మెట్టు మనం ఎక్కలేదన్నమాట.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు పని మొదలుపెట్టారు. గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా వాళ్లు తీర్చిదిద్దిన స్త్రీలలో చాలామందికి చదవడం, రాయడం రాదు. వారిలో దళిత స్త్రీలూ ఉన్నారు. వాళ్లు పాఠాన్ని చూసి, చేసి, ఊళ్లో చెప్పి నేర్చుకున్నారు. కాన్పులు, పసిబిడ్డల విరేచనాలు, క్షయ, కుష్ఠు వంటివాటిలో ఊరికి అండగా నిలిచారు. పాఠం సరిగా అల్లితే అక్షరం రానివారు కూడా ఊరి ఆరోగ్యాన్ని మోయగలరని దీనివల్ల తెలుస్తోంది.

యువ మిత్రులారా, చదువుతున్నవారు మీకు అర్థంకానిది ధైర్యంగా అడగండి. బోధించేవారు పాఠం రాసే బల్ల దగ్గర ఒక రోగికి, ఒక ఆశా అక్కకు, వెనక బెంచీ విద్యార్థికి కుర్చీ వేయండి. సంఘాలు మొదటి తరం విద్యార్థులకు భాషలో, చదువులో తోడు నిలవాలి. కోర్సు పూర్తయిన ఏడాదికి ఆ కూలీ తల్లిలాంటివారు మందులు పూర్తిగా వాడారా అని చూద్దాం. మన పాఠ్యప్రణాళికకు అసలు మార్కులు వేసేది వాళ్లే.