పెళ్లికి వచ్చే చుట్టాలకు వ్రాయవలసిన జాబు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)

నేను రైల్వేలో గుమాస్తాను. మెట్రిక్కుతో చదువు ఆగినవాణ్ణి, ఉపన్యాసాలు ఎరుగను. మన ఇండ్లలో పెళ్లిళ్లకు ఆంధ్రదేశం నుంచీ, మధుర వైపు నుంచీ వచ్చే బంధువుల ప్రయాణం గురించి, విడిది గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మా చెల్లెలి పెళ్లి ఈ ఊళ్లోనే, ఆదివారం ఉదయం నాలుగున్నరకు. నెల్లూరులో ఉన్న మా మేనమామకు టిక్కెట్టు తీసినది నేనే. బండి అక్కడికి అర్ధరాత్రి దాటిన ఇరవై నిమిషాలకు వస్తుంది. శుక్రవారం రాత్రి స్టేషనుకు పోవాలి, టిక్కెట్టు మీద తేదీ మాత్రం శనివారానిది. నేను ఫోనులో “శనివారం బండి, మామయ్యా” అని ఊరుకొన్నాను. ఆయన శనివారం రాత్రి పెట్టె పట్టుకొని వెళ్లినాడు. బండి ముందు రాత్రే పోయింది!

ఆయనకు అనుమానమైనా రాలేదు. శుభలేఖలో “ఆదివారం 4-30” అని ఉంటే, ఆదివారం రాత్రి గడిచి తెల్లవారబోయే ముహూర్తమనుకొన్నాడు. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది గనుక ఆయన లెక్క తప్పు కాదు. రైలుకు రోజు అర్ధరాత్రితో మొదలు. ఆ రెండింటి నడుమ మా మామయ్య నిలిచిపోయినాడు. పెండ్లికూతురిని బుట్టలో తేవలసిన మేనమామ లేక మా పినతండ్రి తెచ్చినాడు. ఆయన బస్సులు మారి మారి ఆదివారం సాయంత్రం చేరేసరికి మంటపంవాళ్లు అరటిబోదెలు విప్పుతున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

కాబట్టి శుభలేఖలో “శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, ఉదయం 4-30” అని రెండు రోజుల పేర్లూ వేయించండి. ఆంధ్రలో రాత్రి ముహూర్తాలు ఎక్కువ. ఇక్కడ మనవాళ్లు తమిళుల మాదిరి తెల్లవారుజామునే చేస్తారు, ముందు సాయంత్రమే రిసెప్షను. చుట్టాలు ముందురోజు మధ్యాహ్నానికల్లా చేరాలి. రిజర్వేషను 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. శుభలేఖ అచ్చయ్యేదాకా ఆగక, ముహూర్తం కుదిరిన రోజే కబురు చేయండి. ఖాయమైన టిక్కెట్టుతో తండ్రి రాలేకపోతే కొడుకు రావచ్చు. బండికి 24 గంటల ముందు రిజర్వేషను ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి.

శబరి, కేరళా ఎక్స్‌ప్రెస్‌లు కోయంబత్తూరు మీదుగా వస్తాయి. అక్కడ దిగి ఉక్కడం బస్టాండుకు పోతే పొల్లాచ్చి బస్సులున్నాయి, సుమారు 40 కిలోమీటర్లు. గాంధీపురం పోయి వెదకవద్దని వ్రాయండి. కొన్ని బండ్లు కోయంబత్తూరులోకి రాకుండా పోదనూరు మీదుగా పోతాయి, టిక్కెట్టు మీద ఊరి పేరు చూసుకోవాలి. మధుర వాళ్లకు చిక్కు లేదు. 2015లో పళని దారి పెద్దలైను అయినప్పటి నుంచి దిండుగల్లు, ఉడుమలపేట మీదుగా నేరుగా మన స్టేషనులో దిగుతారు.

ఇక విడిది. మంటపంలో నాలుగైదు గదులుంటే వియ్యాలవారికే చాలవు, తక్కినవారికి హాలులో జంపఖానాలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కింది అంతస్తు గది, వేన్నీళ్లు ఉన్నవో లేవో మీరే వెళ్లి చూసి రండి. ఈమధ్య కొబ్బరితోపుల్లో అందమైన బసలు వెలిసినవి. ఫోటోలు చూసి చుట్టాలు అవే అడుగుతారు. కాని తెల్లవారి మూడింటికి ఆ తోపులోకి ఆటో రాదు. ముహూర్తపు రాత్రికి ఊళ్లో లాడ్జి, పెళ్లయ్యాక తోపు. వాల్పారై కూడా పెళ్లయ్యాకనే. ఆ 40 మలుపులూ ఎక్కి దిగినవారికి పట్టుచీర కట్టే ఓపిక ఉండదు.

ఇంకొకటి. మన పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వచ్చేవారికి తమిళం రాదు. మంటపం చిరునామా తమిళంలో, మిగిలిన సంగతులు తెలుగులో ఒక కాగితం మీద వ్రాయించి పంపండి. తమిళం ఆటోవానికి, తెలుగు అత్తయ్యకు.

వచ్చే వైశాఖంలో మా తమ్ముడి పెళ్లి. మామయ్యకు టిక్కెట్టు మళ్లీ నేనే తీసినాను. ఈసారి తేదీ చెప్పలేదు. “శుక్రవారం రాత్రి భోజనం కాగానే స్టేషనుకు పోయి కూర్చో మామయ్యా” అన్నాను.