రెండు భాషల నడుమ గణితం, విజ్ఞానం



బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర కుటుంబాలు బిలాస్‌పూర్ ప్రాంతంలో స్థిరపడుతూ వచ్చాయి. సమీపాననే ఉన్న సీపత్‌లో నేడు 2,980 మెగావాట్ల ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం పనిచేస్తున్నది. ఇంట తెలుగు, బడిలో హిందీ. ఇక్కడి మన పిల్లలలో అనేకుల స్థితి ఇది. గణిత, విజ్ఞాన శాస్త్రాలలో వారికి ప్రైవేటు చదువు ఏ విధంగా తోడ్పడగలదో మనవి చేస్తాను.

హిందీ నుండి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. శాస్త్ర పదాలలో ఈ రెండు భాషలు ఎంతో సన్నిహితమైనవి. త్రిభుజం, వృత్తం, భిన్నం, త్వరణం వంటి మాటలు రెండింటా ఉన్నాయి. ఇది విద్యార్థికి గొప్ప ఆసరా. అయితే పోలిక ఉన్నచోటనే పొరపాటు కూడా పొంచి ఉంటుంది. తెలుగు పాఠ్యపుస్తకంలోని 'శక్తి'ని హిందీలో 'ఊర్జా' అంటారు. హిందీ పుస్తకంలో 'శక్తి' అంటే మన 'సామర్థ్యం', అనగా ఒక సెకనులో జరిగే పని. సీపత్ కేంద్రపు 2,980 మెగావాట్లు సామర్థ్యం. ఆ సామర్థ్యంతో గంటసేపు నిండుగా పనిచేస్తే లభించే 29 లక్షల 80 వేల యూనిట్లు శక్తి. ఈ భేదం తెలియని బాలుడు సూత్రాన్ని కంఠస్థం చేసినా లెక్క తప్పుతాడు.

సంఖ్యలలోనూ ఇంతే. 'ఇరవై తొమ్మిది' అన్నప్పుడు ముందు పదులు, పిదప ఒకట్లు వినిపిస్తాయి. హిందీ 'ఉన్‌తీస్'లో ఉన్నది ముప్పైకి ఒకటి తక్కువ అనే భావం. అది విని చిన్నపిల్ల 29కి బదులు 39 వ్రాస్తే తెలివి తక్కువని అనుకోరాదు.

పెద్ద తరగతిలో ఒక్కొక్కరి తప్పుకు మూలం వెదకడానికి ఉపాధ్యాయునికి వ్యవధి చాలదు. ఇద్దరు ముగ్గురు పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుకొనే ప్రైవేటు మాస్టారికి ఆ అవకాశం కలదు. 'ఈ లెక్క ఎలా చేశావో చెప్పు' అని అడిగి, ముందు ఇంటిభాషలో చెప్పించి, పిమ్మట పరీక్షభాషలో వ్రాయించాలి. రెండు భాషల పదాలను పక్కపక్కన వ్రాసుకొనే నోటుపుస్తకం ఒకటి పెట్టించాలి. జవాబు తానే చెప్పివేసే మాస్టారి వలన హోంవర్కు పూర్తవుతుందే గాని చదువు రాదు. నెలలు గడిచేకొద్దీ మాస్టారి అవసరం తగ్గడమే మంచి ప్రైవేటుకు గుర్తు.

బడి ఉపాధ్యాయులు ప్రైవేటు చెప్పరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ శాసిస్తున్నది. కనుక కళాశాలల్లో విజ్ఞానశాస్త్రం చదివే మన యువతీ యువకులు ఈ బాధ్యత స్వీకరించాలి. రుసుము ఇచ్చుకోలేని ఇంటి పిల్లల కోసం సాయంత్రం ఒక గంట కేటాయించాలి. పదకొండవ తరగతిలో పిల్లలు తమ శాఖను ఎన్నుకుంటారు. 'లెక్కలు నాకు రావు' అని ఆ వేళ వెనుదిరిగిన బాలిక మళ్ళీ ఇంజనీరింగు వైపు రావడం కష్టం. అంతకు ముందే ఆమె తడబాటు లెక్కలోనా, మాటలోనా అన్నది కనుగొనడం మనందరి విధి.