కొట్టినోడినే కూర్చోబెట్టి అడగాల
(బనగానపల్లెలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడల్లో ఆడమనిషి మీద చెయ్యి పడితే ఏం జరుగుతాంది? పెద్దమనుషులు కూర్చుంటారు. "నువ్వేమన్నావమ్మా? ఎదురు మాట్లాడినావా?" అని ఆమెనే అడుగుతారు. ఆఖరుకు "సర్దుకొని పోండి" అని లేస్తారు. కొట్టినోడిని అడిగేవాళ్ళే లేరు.

నాపరాయి గనిలో పొద్దంతా రాళ్ళు మోసినాడు, మేస్త్రీ చేత తిట్లు తిన్నాడు, తాగినాడు, కోపమొచ్చింది, కొట్టినాడు అంటారు. సరే అన్నా, తిట్టిన మేస్త్రీని ఎందుకు కొట్టలేదు? భూస్వామి ముందర తలొంచుకొని వచ్చినోడికి ఇంట్లోకి రాంగానే చెయ్యెట్ల లేచింది? కోపం ఎక్కడ ఆపుకోవాలో వాడికి బాగా తెలుసు. ఇక తాగుడు మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా మీద చేసింది గొప్ప పోరాటం. అయినా చుక్క ముట్టకుండా పెళ్ళాన్ని బాదేవాళ్ళు మీకు తెలీదా?

అమెరికాలో డులూత్ అనే ఊర్లో 1981లో ఈ కిటుకు పట్టుకున్నారు. పోలీసులు, కోర్టు, ఆడోళ్ళ సంఘాలు ఒక్క కట్టు మీద నిలబడినాయి. కొట్టినోడు వారం వారం తరగతికి పోవాల. 'ఆమె ఏం చేసింది' అనే మాటకు అక్కడ తావు లేదు. ఆమె డబ్బు ఎట్ల గుంజుకున్నావు, పుట్టింటికి ఎట్ల పోనీయలేదు, పిల్లోళ్ళను చూపించి ఎట్ల బెదిరించినావు, ఇవన్నీ వాడే విప్పి చెప్పాల. ఎగ్గొడితే మళ్ళీ కోర్టే. దాంతో అందరూ మారినారని నేను చెప్పను, దాని మీద పరిశోధకుల్లో ఇప్పటికీ వాదన ఉంది. అందుకే ఆమె ప్రాణం ముందు, వాడి తరగతి తర్వాత.

మనకూ ఆధారముంది. 2005 గృహహింస చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు వాడొక్కణ్ణే కౌన్సెలింగుకు పంపొచ్చు. 2006 నియమాల్లో 14వ నియమం చదివించుకోండి. కొట్టినదానికి వాడు సాకు చెప్పరాదు, ఇంక కొట్టనని హామీ ఇయ్యాల. మన పంచాయితీ అడిగే మొదటి ప్రశ్నే చట్టానికి పట్టదు! రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంకో భయముంది. మాల మాదిగ మొగోణ్ణి స్టేషనుకు అప్పజెప్తే కుళ్ళబొడుస్తారు, వాడ పరువు పోతాది అని మన ఆడబిడ్డలు నోరు మూసుకుంటారు. ఆ భయం ఉత్తది కాదు. అయితే ఆ బరువంతా ఆమె వీపు మీదనేనా? లాఠీ దెబ్బతో ఎవడూ మారడు, ఇంటికొచ్చి ఆ కసి ఆమె మీదనే తీర్చుకుంటాడు. 1942 జులై 20న నాగపూర్ మహిళా సభలో బాబాసాహెబ్ చెప్పిందేమి? పెళ్ళాం మొగునికి స్నేహితురాలిగా, సమానంగా నిలబడాల, బానిసగా ఉండనని చెప్పాల అని. ఆయన పటానికి దండేసి ఇంట్లో చెయ్యెత్తేవాడికి సంఘంలో పదవి ఎందుకు?

స్టేషనుకు పోకుండానే జిల్లా రక్షణాధికారికి గానీ, నేరుగా మేజిస్ట్రేటుకు గానీ అర్జీ పెట్టొచ్చు. 181కి ఫోన్ చేయొచ్చు. ఆడోళ్ళకు న్యాయసేవా సంస్థ లాయరును ఉచితంగా ఇస్తాది. అర్జీలో "కౌన్సెలింగుకు ఆయనొక్కణ్ణే పంపండి, రాజీ వద్దు" అని రాయించండి.

వచ్చే పక్షం వాడలో కూర్చుందాం. ముందు ఆడోళ్ళు మాట్లాడతారు. మొగోళ్ళు అడ్డం రాకుండా వినాల.